తండ్రులు లేని అడవి

ఆస్ట్రేలియా తూర్పు తీరపు యూకలిప్టస్ అడవుల్లో ఏటా కొన్ని వారాల పాటు ఒక జంతువుకు మగజాతే ఉండదు. ఆగస్టు, సెప్టెంబరు దాటాక ఆ అడవిలో ఎక్కడ బోను పెట్టినా ఆడవే పడతాయి. ముసలి మగవి ఉండవు, పడుచు మగవి ఉండవు, ఆడుకునే మగపిల్లలూ ఉండవు. ఆ జాతిలో బతికున్న మగప్రాణులన్నీ ఇంకా తల్లుల కడుపుల్లోనే ఉంటాయి. వాటి తండ్రులన్నీ రెండు మూడు వారాల వ్యవధిలో, ఏడాది కూడా నిండకుండానే రాలిపోయి ఉంటాయి.

ఆ జంతువు పేరు యాంటికైనస్. చూడ్డానికి ఎలుకలా ఉంటుంది, ఎలుక కాదు. పొట్ట దగ్గర పిల్లల్ని మోసే మార్సూపియల్ జాతి, అందులోనూ మాంసం తినేది. మార్సూపియల్ అనగానే మనకు గడ్డి మేసే కంగారూ, ఆకులు నమిలే కోలా గుర్తొస్తాయి. కానీ ఆస్ట్రేలియా, న్యూగినీల్లో వేటాడి బతికే మార్సూపియల్స్ కుటుంబం వేరే ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని డాస్యూరిడ్ కుటుంబం అంటారు. 70కి పైగా జాతులున్న ఈ కుటుంబంలో పెద్దది టాస్మేనియన్ డెవిల్, దాదాపు కుక్కపిల్లంత ఉంటుంది. చిన్నది పొడవు తోక ప్లానిగేల్, దాని బరువు 4 గ్రాములు, అంటే ఒక టీస్పూను పంచదార. మిగతావాటిలో ఎక్కువ భాగం మన గుప్పిట్లో పట్టేవే.

వీటిని చాలాకాలం ఇంగ్లిష్‌వాళ్లు మార్సూపియల్ ఎలుకలు అన్నారు. ఆ పేరు వీటికి అన్యాయమే చేసింది. మన ఇళ్లలో రాత్రిపూట గోడ వారగా కీచుమంటూ పరుగెత్తే చుంచును తలుచుకోండి. దాన్ని మనం చుంచెలుక అంటాం గానీ అదీ ఎలుక కాదు, పురుగుల్ని వేటాడే జంతువు. బొద్దింకల్ని ఏరి తినే చుంచుకూ, బియ్యం బస్తా కొరికే ఎలుకకూ ఎంత తేడా ఉందో యాంటికైనస్‌కూ ఎలుకకూ అంతకన్నా ఎక్కువ తేడా ఉంది. నోరు తెరిచి చూస్తే చాలు. ఎలుకకు ముందువైపు పైన రెండు, కింద రెండు ఉలుల్లాంటి పళ్లుంటాయి. యాంటికైనస్ నోట్లో ముందు వరుసలో పైన ఎనిమిది, కింద ఆరు చిన్న చిన్న సూది పళ్లు, వాటి పక్కన కోరలు. కొరుక్కు తినే నోరు కాదది, పట్టి చంపే నోరు.

ఇవి ఎలా బతుకుతాయో అర్థం కావాలంటే ముందు వంటింటి లెక్క ఒకటి గుర్తు చేసుకోవాలి. గుండిగలో కాచిన నీళ్లు గంటైనా వేడిగా ఉంటాయి. అవే నీళ్లు చిన్న గ్లాసులో పోస్తే కాసేపటికే చల్లారిపోతాయి. ఒళ్లు ఎంత చిన్నదైతే వేడి అంత త్వరగా బయటికి పోతుంది. ఆ వేడిని నిలబెట్టుకోవాలంటే లోపల పొయ్యి మండుతూనే ఉండాలి, పొయ్యి మండాలంటే తిండి పడుతూనే ఉండాలి. గోధుమరంగు యాంటికైనస్ మగది చలికాలంలో రోజుకు తన బరువులో దాదాపు 60 శాతం పురుగుల్ని తింటుందని 1970ల్లోనే లెక్కగట్టారు. 60 కిలోల మనిషి రోజుకు 36 కిలోలు తిన్నట్టు. పైగా సరిగ్గా ఆ చలికాలంలోనే పురుగులు తక్కువ. సాలీడు, జెర్రి, పెంకు పురుగు, బొద్దింక, అప్పుడప్పుడూ చిన్న బల్లి, ఏది దొరికితే అది పట్టాలి. ఒక రాత్రి ఖాళీ కడుపుతో గడిపితే ఒంట్లో బలం అడుగంటుతుంది.

ఈ జంతువుల బతుకులో మనకు వింతగా కనిపించే ప్రతి పనీ ఈ ఇరుకులోంచి పుట్టిందే. మగవాటి చావు కూడా అక్కడి నుంచే వచ్చింది. అయితే దానికి ముందు ఇదే ఇరుకును మిగతా చుట్టాలు ఎలా దాటుతున్నాయో చూడాలి.

ప్లానిగేల్ సంగతి చూద్దాం. మన పల్నాడులోనో, కర్నూలులోనో, ఆదిలాబాద్‌లోనో నల్లరేగడి చేలు చూసినవాళ్లకు ఈ జంతువు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ ఎండలకు రేగడి నేల నోరు తెరుస్తుంది. చెయ్యి మోచేతి దాకా దిగబడే పగుళ్లు పడతాయి. చిన్నప్పుడు ఆ పగుళ్లలోకి పుల్ల దించి లోపలి చల్లదనం చూసేవాళ్లం. పైన నేల కాళ్లు కాలేలా ఉన్నా, మూరెడు లోతుకు పోతే తేమ తగిలేది. ఉత్తర ఆస్ట్రేలియాలో కూడా అచ్చం ఇలాంటి నల్లమట్టి మైదానాలే వందల కిలోమీటర్ల మేర ఉన్నాయి. వానకు ఉబ్బి, ఎండకు పగిలే అదే రకం బంకమట్టి. పొడవు తోక ప్లానిగేల్ ఆ పగుళ్లలోనే పుడుతుంది, అక్కడే వేటాడుతుంది. పైకి చెట్టు లేదు, బండరాయి లేదు, దాక్కోవడానికి చోటే లేదనిపించే మైదానం కింద దానికి సందులూ గొందులూ ఉన్న ఒక ఊరే ఉంది.

ఆ ఊళ్లో తిరగడానికి తగ్గట్టే దాని తల తయారైంది. పై నుంచి ఎవరో వేలితో నొక్కినట్టు పుర్రె చదునుగా ఉంటుంది, ఎత్తు కొద్ది మిల్లీమీటర్లే. బల్లి దూరగలిగిన పగుల్లోకి ఇదీ దూరగలదు. దూరి, తనంత పొడవున్న మిడతనో జెర్రినో పట్టుకుంటుంది. ఒక్క కాటుతో చంపేంత బలం దానికి లేదు. అందుకే వదలకుండా మళ్లీ మళ్లీ కొరుకుతుంది, మిడత కాళ్లతో తన్నుతున్నా పట్టు సడలించదు. మిడత బలంగా తంతే ఎగిరి పడుతుంది, లేచి మళ్లీ మీద పడుతుంది. 4 గ్రాముల ప్రాణిలో ఇంత మొండితనం ఉండటం నాకైతే పులి వేటకన్నా పెద్ద విషయం.

ఇంత చిన్నవి కావడంతో మనుషులు వీటిని సరిగ్గా గుర్తుపట్టడానికే చాలాకాలం పట్టింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో తిరిగే ప్లానిగేళ్లు వేరే జాతులని శాస్త్రవేత్తలకు అనుమానం చాలా ఏళ్లుగా ఉంది. చివరికి 2023లో రెండు కొత్త జాతులుగా పేర్లు పెట్టారు. వాటిలో ఒకటి పగుళ్ల మట్టి నేలల్లోనే ఉంటుంది.

ఇదే కుటుంబంలోని డనార్ట్‌లది ఇంకో దారి. ఇవి కూడా గుప్పెడంతే ఉంటాయి. పెద్ద కళ్లు, పెద్ద చెవులు, సన్నని మూతి. ఎండిన గడ్డి మైదానాల్లో, ఎడారి అంచుల్లో ఉంటాయి. వాటిలో కొవ్వు తోక డనార్ట్ అని ఒకటుంది. తిండి బాగా దొరికిన రోజుల్లో తోకలో కొవ్వు దాచుకుంటుంది, అప్పుడు తోక క్యారెట్ దుంపలా ఉబ్బి ఉంటుంది. కరువు రోజుల్లో అది క్రమంగా సన్నబడుతుంది. నీళ్లు తాగాల్సిన పని కూడా పెద్దగా ఉండదు, తినే పురుగుల ఒంట్లోని తడే సరిపోతుంది.

కొవ్వు నిల్వ కన్నా పెద్ద ఉపాయం ఇంకొకటి ఉంది. రాత్రి చలి ముదిరి, తిండి సరిగా దొరకనప్పుడు డనార్ట్ తన పొయ్యిని తానే దాదాపు ఆర్పేసుకుంటుంది. మామూలుగా 35 డిగ్రీల దగ్గర ఉండే ఒంటి వేడి 15 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. దీన్ని టోర్పర్ అంటారు. ధ్రువపు ఎలుగుబంట్ల దేశాల్లో జంతువులు నెలల తరబడి పడుకునే శీతనిద్ర కాదిది, ఒక్క పూట లెక్క. రాత్రి రెండో జామున చల్లబడి, మర్నాడు పొద్దెక్కాక మళ్లీ వేడెక్కడమే.

ఇక్కడే అసలు చిక్కుంది. చల్లబడటం సులువు, మళ్లీ వేడెక్కాలంటే బోలెడంత శక్తి ఖర్చవుతుంది. రాత్రంతా ఆదా చేసింది పొద్దున్నే ఖర్చయిపోతే లాభమేంటి? అడవిలో డనార్ట్‌లకు చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టి గమనించిన శాస్త్రవేత్తలకు 2008 ప్రాంతంలో దీనికి జవాబు దొరికింది. ఒంటి వేడి ఇంకా 15 డిగ్రీల దగ్గర ఉండగానే డనార్ట్ మందకొడిగా పాక్కుంటూ పగుల్లోంచి బయటికి వచ్చి, పొద్దుటి ఎండలో ఒళ్లు పరుచుకుని పడుకుంటుంది. బల్లి ఎండ కాచుకున్నట్టే. వేడెక్కే ఖర్చులో పెద్ద భాగం సూర్యుడే భరిస్తాడు. సంక్రాంతి రోజుల్లో అరుగు మీద ఎండలో కూర్చునే తాతలకు ఈ లెక్క అర్థమవుతుంది. క్షీరదాలన్నీ తమ వేడిని తామే పుట్టించుకుంటాయని పుస్తకాల్లో చదువుకున్న మనకు, ఒక క్షీరదం బల్లి దారి పట్టడం చూస్తే ఆ పాఠం మళ్లీ చదువుకోవాలనిపిస్తుంది.

ఇక పిల్లల సంగతి. మార్సూపియల్ తల్లి కడుపులో పిల్ల ఎక్కువ కాలం ఉండదు. చారల మొహం డనార్ట్ దాదాపు 11 రోజులకే ఈనుతుంది, క్షీరదాలన్నిటిలో ఇంత తక్కువ గర్భకాలం ఉన్నవి చాలా అరుదు. పుట్టిన పిల్ల బియ్యపు గింజలో సగం. కళ్లుండవు, చెవులుండవు, వెనక కాళ్లు మొగ్గల్లా ఉంటాయి. ముందు కాళ్లు మాత్రం గట్టిగా ఉంటాయి, వాటితో తల్లి బొచ్చు పట్టుకుని ఈదినట్టు పాకుతూ చన్ను చేరి నోట కరుచుకుంటుంది. ఆ తర్వాత వారాల పాటు చన్ను వదలదు. జూలియా క్రీక్ డనార్ట్ అని క్వీన్స్‌లాండ్ నల్లమట్టి గడ్డి మైదానాల్లో ఉండే ఇంకో జాతి ఉంది. మ్యూజియంలో దాచిన కొద్ది నమూనాలే తప్ప చాలా ఏళ్లు బతికున్నది కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1990ల మొదట్లో అది మళ్లీ దొరికింది. దాని పిల్ల పుట్టినప్పుడు 4 మిల్లీమీటర్లు, 17 మిల్లీగ్రాములు. 1999లో శాస్త్రవేత్తలు ఆ పిల్ల ఊపిరిని కొలిస్తే, మొదటి రోజుల్లో అది ఊపిరితిత్తులతో దాదాపు పని లేకుండా చర్మంతోనే గాలి పీల్చుకుంటోందని తేలింది. కప్ప చేసే పని ఒక క్షీరదపు పిల్ల చేస్తోంది.

చన్నుల దగ్గర ఈ బతుకులోని కఠినత్వం నేరుగా కనిపిస్తుంది. క్వోల్ అని ముంగిస సైజులో, ఒంటి మీద తెల్లని చుక్కలుండే ఇంకో వేటజంతువు ఇదే కుటుంబంలో ఉంది. తూర్పు క్వోల్ ఒక కాన్పులో 30 పిల్లల దాకా కంటుంది. చన్నులు ఆరే. ముందు చేరి పట్టుకున్న ఆరూ బతుకుతాయి, మిగతావి కొన్ని గంటల్లోనే పోతాయి. యాంటికైనస్‌లకు కంగారూ సంచి లాంటి పూర్తి సంచి ఉండదు, పొట్ట మీద ఒక చర్మపు మడత ఉంటుందంతే. పిల్లలు పెరిగేకొద్దీ ఆ మడతలోంచి బయటికి వేలాడతాయి. తల్లి వాటిని నేల మీద ఈడ్చుకుంటూనే వేటకు పోతుంది. అన్నీ కలిపి తల్లి మోయలేనంత బరువయ్యే రోజు వస్తుంది. అప్పుడు వాటిని చెట్టు తొర్రలో గూట్లో వదిలి, తను రాత్రంతా తిరిగి తినొచ్చి పాలిస్తుంది.

పాలిచ్చే ఈ మూడు నెలల ఖర్చే కథకు మూలం. మగవాటి చావుకు జవాబు ఇక్కడే ఉంది.

ముందు ఆ చావు ఎలా వస్తుందో చూద్దాం. మగ యాంటికైనస్ ఒంట్లో జత కట్టే కాలానికి ముందే వృషణాలు పని మానేస్తాయి. అప్పటికే తయారైన వీర్యకణాల నిల్వ మాత్రమే ఉంటుంది, మళ్లీ కొత్తవి పుట్టవు. పంట ఇంటికి చేరాక పొలం అమ్మేసినట్టు. ఆ నిల్వ అయిపోయేలోగా ఎన్ని ఆడవాటితో జత కట్టగలిగితే అన్నిటితో కట్టాలి. ఒక్కోసారి ఒక్క జతే 14 గంటల దాకా సాగుతుంది. రాత్రీ పగలూ తిరుగుతుంది, తిండి తగ్గిస్తుంది, నిద్ర మానుకుంటుంది. మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మగవి ఈ మూడు వారాల్లో రోజుకు సగటున మూడు గంటలు తక్కువగా నిద్రపోయాయి, ఒకటైతే తన నిద్రను సగానికి కోసేసుకుంది.

ఒంట్లో దీన్ని నడిపించేది కార్టిసాల్ అనే హార్మోన్. మనకూ ఉంటుంది, ఒత్తిడి వచ్చినప్పుడు పెరుగుతుంది. మామూలుగా రక్తంలోని ఒక ప్రోటీన్ కార్టిసాల్‌ను పట్టి ఉంచుతుంది, పని అయిపోగానే తయారీ ఆపమని మెదడు సైగ చేస్తుంది. మగ యాంటికైనస్‌లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ బాగా పెరిగేసరికి ఆ పట్టి ఉంచే ప్రోటీన్ తగ్గిపోతుంది, ఆపమనే సైగ కూడా పనిచేయదు. కార్టిసాల్ అదుపు లేకుండా ఒళ్లంతా పారుతుంది. దానివల్ల తక్షణ లాభం ఒకటుంది. ఒంట్లోని కండ కరిగి చక్కెరగా మారి, తిండి తినకపోయినా పరుగెత్తే బలం వస్తుంది. నష్టం కొద్ది రోజుల తర్వాత వస్తుంది. రోగనిరోధక శక్తి కుప్పకూలుతుంది. కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది. ఎప్పటి నుంచో ఒంట్లో ఉన్న పరాన్నజీవులు, సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. బొచ్చు ఊడిపోతుంది. ఆ స్థితిలో కూడా నడవగలిగినవి ఇంకా జత కోసమే వెతుకుతుంటాయి. జత కాలానికి ముందే పట్టి విడిగా పెంచిన మగవి మాత్రం ఆ గడువు దాటి బతికాయి. కాబట్టి ఇది ముసలితనం కాదు. ఆ కొద్ది వారాలే దాన్ని చంపుతున్నాయి.

ఎందుకు? చాలాకాలం ఒక అందమైన జవాబు చెప్పుకున్నారు. అడవిలో పురుగులు తక్కువ కాబట్టి, పుట్టబోయే పిల్లలకు తిండి మిగల్చడానికి తండ్రులు తప్పుకుంటాయని. వినడానికి బాగుంటుంది. ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. కానీ అది నిలబడదు. ఒక మగది త్యాగం చేసి చచ్చిపోయిందనుకుందాం. దాని పక్కనున్న ఇంకో మగది త్యాగం చేయకుండా బతికి, వచ్చే ఏడాది మళ్లీ జత కట్టిందనుకుందాం. ఎవరి పిల్లలు ఎక్కువవుతాయి? రెండోదానివే. కొద్ది తరాల్లో త్యాగం చేసే లక్షణం అడవిలోంచి మాయమవుతుంది.

క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డయానా ఫిషర్, మరికొందరు 2013లో వేరే జవాబు చూపించారు. దాన్ని మెట్టు మెట్టుగా చూడాలి. తల్లికి పాలిచ్చే చివరి వారాలే అన్నిటికన్నా ఖరీదైన రోజులు. ఆ రోజులు అడవిలో పురుగులు పుష్కలంగా ఉండే వేసవి మొదట్లోకి పడితేనే పిల్లలు బతుకుతాయి. మనకు వేసవి అంటే ఏప్రిల్, మే గానీ అక్కడ డిసెంబరు, జనవరి. ఉత్తరాన వర్షారణ్యాల్లో పురుగులు ఏడాది పొడవునా దొరుకుతాయి, కాబట్టి అక్కడి జాతులకు తొందర లేదు. దక్షిణానికి వచ్చేకొద్దీ పురుగుల కాలం ఇరుకైపోతుంది, ఏటా ఒకే వేళకు వస్తుంది. అందుకని ఆడవన్నీ ఒకే వ్యవధిలో ఎదకు వస్తాయి. అదునులో విత్తు పడాలని రైతులంతా ఒకేసారి అరక కట్టినట్టు. అదును తెలుసుకోవడానికి అవి చూసేది పగలు ఎంత వేగంగా పెరుగుతోందన్నది. ఆ లెక్క ఎంత కచ్చితమంటే, ఒకే అడవిలో రెండు యాంటికైనస్ జాతులుంటే అవి వేరువేరు వేగాలకు స్పందించి వేరువేరు వారాల్లో జత కడతాయి.

ఆడవన్నీ ఒకే రెండు వారాల్లో సిద్ధమైతే మగదానికి అర్థం ఏంటి? ఏడాదికి ఒక్కటే సంత. పైగా ఆడది ఒక్క మగదానితో ఆగదు. చాలా మగవాటితో జత కట్టి, వాటి వీర్యకణాల్ని కొన్ని రోజులు తన ఒంట్లో దాచుకుంటుంది. అసలు పోటీ అక్కడ, లోపల జరుగుతుంది. ఎక్కువ సేపు, ఎక్కువసార్లు జత కట్టినదే ఎక్కువ పిల్లలకు తండ్రి అవుతుంది. ఆ పోటీలో ఒళ్లు దాచుకున్న మగది ఓడిపోతుంది. దాచుకున్న ఒంటితో వచ్చే ఏడాది దాకా బతుకుతుందా అంటే, గుడ్లగూబలూ పాములూ చలీ కలిసి ఆ అవకాశం ఎలాగూ పెద్దగా ఇవ్వవు. కాబట్టి ఉన్నదంతా ఈ మూడు వారాల్లోనే పెట్టేసినదాని వంశమే నిలిచింది. జత కాలం ఎంత పొట్టిగా ఉన్న జాతిలో అంత పెద్ద వృషణాలు, అంత తక్కువ మగవి బతకడం కనిపించింది. ఆడదానికి ఇందులో లాభం ఉంది. 2006లో ఫిషర్ బృందమే అడవిలో చేసిన ప్రయోగంలో, చాలా మగవాటితో జత కట్టిన తల్లుల పిల్లలు ఒక్కదానితోనే కట్టిన తల్లుల పిల్లలకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా బతికాయి.

గెల వేసిన అరటి చెట్టు ఎండిపోతుంది. పూసిన వెదురు పొద చచ్చిపోతుంది. మనకు మొక్కల్లో ఇది తెలిసిందే. క్షీరదాల్లో మాత్రం చాలా అరుదు. యాంటికైనస్‌లన్నీ, చెట్ల మీద తిరిగే కుచ్చుతోక ఫాస్కోగేల్‌లు, పిల్బరాలో స్పినిఫెక్స్ గడ్డి పొదల్లో ఉండే కలూటా, ఉత్తర క్వోల్. వీటన్నిటికీ మధ్య చుట్టరికం ఉంది, కానీ దారి ఒక్కొక్కటీ విడిగా కనుక్కున్నట్టే ఉంది.

చచ్చిన మగవి వృథా కావు. 2023 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ నేషనల్ పార్కులో ఒక నడక దారి పక్కన ఒక యాంటికైనస్ చచ్చిపడి ఉన్న తన జాతిదాన్నే తింటుండగా ఫొటో తీశారు. కడుపుతో ఉన్న ఆడవాటికి చలికాలం చివర్లో ఇంతకన్నా సులువైన మాంసం ఎక్కడ దొరుకుతుంది? తండ్రులు పిల్లల కోసం చావవు, కానీ చచ్చాక వాటి కండ ఆ పిల్లల ఒంట్లోకి చేరే వీలుంది.

డిసెంబరు, జనవరిల్లో పాలు మాన్పించాక తల్లి కొడుకుల్ని దగ్గర ఉండనివ్వదు. కూతుళ్లు మాత్రం తల్లి చుట్టుపక్కలే స్థిరపడతాయి. వెళ్లిపోయిన కొడుకులు ఇంకో తల్లి గూటికి చేరతాయి. చలి వచ్చేసరికి ఒకే తొర్రలో డజన్ల కొద్దీ ముద్దగా పడుకుని ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి. ఆగస్టులో ఒకదానితో ఒకటి పోట్లాడబోయేవి కూడా ఆ ముద్దలోనే ఉంటాయి.

ఆస్ట్రేలియా అడవులు తరచూ కాలుతాయి. ఇంత చిన్న ప్రాణి మంటల తర్వాత ఎలా మిగులుతుందని వెతికినవాళ్లకు మళ్లీ టోర్పరే కనిపించింది. అడవి కాలాక అక్కడి గోధుమరంగు యాంటికైనస్‌లు పగటి తిరుగుడు తగ్గించుకుని, ముందుకన్నా ఎక్కువసార్లు టోర్పర్‌లోకి వెళ్లాయి. దాక్కోవడానికి ఆకు లేదు, తినడానికి పురుగు లేదు, కాబట్టి ఆకలి కూడా తగ్గించుకుని తొర్రలో చల్లగా పడున్నాయి. అయితే దీనికీ హద్దుంది. 2019–20 మహాజ్వాలలు కంగారూ ఐలాండ్‌లోని ఒక డనార్ట్ జాతి ఆవాసాన్ని దాదాపు మొత్తం కాల్చేశాయి. మిగిలిన కొద్ది తావుల్లో బతికున్నవాటిని పిల్లుల నుంచి కాపాడటానికి కంచెలు కట్టాల్సి వచ్చింది.

నాకు అన్నిటికన్నా గుండె బరువెక్కించేది ఉత్తర క్వోల్ కథ. ఒక్క జత కాలంతో మగవి పోయే క్షీరదాల్లో ఇదే పెద్దది. ఉత్తర తీరానికి దగ్గర్లోని గ్రూట్ ఐలాండ్‌లో, ఆనిందిల్యాక్వా ప్రజల నేల మీద, క్వోళ్లకు చిన్న పరికరాలు తగిలించి 2023లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆడవి తమ సమయంలో 24 శాతం విశ్రాంతి తీసుకుంటే, మగవి 8 శాతమే తీసుకున్నాయి. రెండు మగవి ఒక్క రాత్రిలో 10 కిలోమీటర్ల దాకా నడిచాయి. అలసిన జంతువు చూసుకోకుండా రోడ్డెక్కుతుంది, డింగో అనే అడవికుక్క వాసన పట్టించుకోదు.

ఇలా అరకొర బతుకుతున్న జాతి మీద 1935లో మనిషి చేసిన పని ఇంకో దెబ్బ కొట్టింది. చెరకును పాడుచేసే పెంకు పురుగుల్ని తింటుందని హవాయి నుంచి కేన్ టోడ్ అనే గోదురుకప్పను తెచ్చి క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో వదిలారు. అది ఆ పురుగుల్ని పెద్దగా తినలేదు. తను మాత్రం విపరీతంగా పెరిగి, ఏడాదికేడాది పడమరకు పాకింది. దాని మెడ వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది. ఆస్ట్రేలియాలో అంతకుముందు ఇలాంటి కప్ప లేదు, కాబట్టి కప్పను చూస్తే క్వోల్‌కు తిండి తప్ప ఇంకేమీ తోచదు. నోట పెట్టుకున్న కాసేపటికి గుండె ఆగిపోతుంది. కప్పలు చేరిన చోటల్లా క్వోళ్లు మాయమయ్యాయి. పెద్ద మగవి ఎలాగూ ఏటా పోతాయి. ఆ ఏడాది పెరుగుతున్న పిల్లమగవి కూడా కప్పలు తిని చస్తే వచ్చే ఏడాది జత కట్టేదెవరు? బఫర్ లేని బతుకులో ఒక్క చెడ్డ సంవత్సరం చాలు.

2003లో 64 క్వోళ్లను కప్పలు లేని రెండు దీవులకు, ఆస్టెల్‌కూ పోబాసూకూ తరలించారు. కొన్నేళ్లలో అవి వేలల్లోకి పెరిగాయి. ఇంకోవైపు సిడ్నీ శాస్త్రవేత్తలు పిల్ల క్వోళ్లకు పాఠం నేర్పే పని పెట్టుకున్నారు. చచ్చిన చిన్న కప్పకు కడుపులో తిప్పే మందు పూసి తినిపిస్తే, వాంతి గుర్తుండిపోయి మళ్లీ కప్పను ముట్టుకోవు. ఆ పాఠం నేర్చినవి అడవిలో ఎక్కువ కాలం బతికాయని 2010లో రాశారు. చేదు మందు గుర్తుంటే పిల్లాడు ఆ సీసా ముట్టుకోడు, అదే సూత్రం.

దీవుల కథకు మాత్రం ఇంకో మలుపు ఉంది. అక్కడ డింగోలు లేవు, పిల్లులు లేవు. 13 తరాలు గడిచాక కొన్నిటిని ప్రధాన భూభాగానికి తెచ్చి వదిలితే, వాటికి డింగో వాసనంటే భయమే లేదు. డింగోలు వాటిని తినేశాయి. 13 తరాలంటే క్వోల్‌కు 13 ఏళ్లే. వేల ఏళ్లుగా ఒంట్లో ఉన్న భయం అంత త్వరగా ఊడిపోవడం దీవుల్లో దాచి కాపాడదామనుకునే వాళ్లందరికీ ఆందోళన కలిగించే విషయం.

పిల్లీ నక్కా తగ్గితే ఈ చిన్న వేటగాళ్లు ఎంత త్వరగా కోలుకుంటాయో కూడా ఒకసారి అనుకోకుండా బయటపడింది. 1859లో తెచ్చి వదిలిన కుందేళ్లు ఆస్ట్రేలియా అంతా నిండాయి. వాటిని తిని పెంపుడు జాతి పిల్లులూ, ఐరోపా నక్కలూ ఎడారుల్లో కూడా బలిశాయి. 1995లో కుందేళ్లకు వచ్చే ఒక వైరస్ పరిశోధన కోసం ఉంచిన దీవి దాటి బయటపడింది. కుందేళ్లు కుప్పలుగా చచ్చాయి, వాటి మీద బతికే పిల్లులూ నక్కలూ తగ్గాయి. ఆ తర్వాతి ఏళ్లలో మల్గారా అనే ఎడారి మార్సూపియల్ దక్షిణ ఆస్ట్రేలియాలో తను ఎప్పుడో వదిలేసిన చోట్లకు తిరిగొచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లో శతాబ్దం కిందటే పోయిందనుకున్న మల్గారా 2017లో స్టర్ట్ నేషనల్ పార్కులో దొరికింది. ఎవరూ తెచ్చి వదల్లేదు.

బ్రిస్బేన్, సిడ్నీ శివార్లలో అడవిని ఆనుకున్న కాలనీల్లో మన తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆగస్టు వచ్చేసరికి గరాజ్‌లోనో, వంటింటి అలమర వెనకో ఒక గుప్పెడంత ప్రాణి పరుగెత్తడం కనబడితే మందు పెట్టేముందు ఒక్కసారి చూడండి. ఎలుకకన్నా మూతి కోసుగా, పొడవుగా ఉంటే, చెవి అంచు కొరికినట్టు గాటు పడి ఉంటే, పగలే జంకు లేకుండా గోడ మీద అటూ ఇటూ దూకుతుంటే అది యాంటికైనస్. అది మగదైతే ఎలాగూ ఇంకొన్ని రోజులే. కానీ అక్టోబరులో కనబడితే అది కచ్చితంగా ఆడది. దాని పొట్ట కింద ఆరో ఎనిమిదో పిల్లలు చన్నులు కరుచుకుని వేలాడుతుంటాయి. వచ్చే ఏడాది ఆ చుట్టుపక్కల అడవికి కావలసిన మగవన్నీ అలాంటి పొట్టల కిందే ఉన్నాయి. తలుపు తెరిచి ఉంచితే రాత్రికి అదే వెళ్లిపోతుంది.